ఫోర్ వీల్ డ్రైవ్ బండికి క్లచ్ ఇంట్లోనే మార్చుకోవచ్చా?

మీరు రాసింది ఇది: డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్ బండి, 1,40,000 కిలోమీటర్లు తిరిగింది. ఎత్తు ఎక్కేటప్పుడు నాలుగో గేరులో ఇంజన్ రొద పెరుగుతోంది, బండి మాత్రం వేగం అందుకోవడం లేదు. క్లచ్ అరిగిపోయింది, గేర్‌బాక్స్ దించాలి అన్నారు. బ్రేకులు, ఆయిల్ మార్పులు, ఒకసారి స్టార్టర్ మోటార్ మీరే చేసుకున్నారు. చదునైన గచ్చు ఉన్న షెడ్డు ఉంది, సాయానికి ఇద్దరు స్నేహితులు వస్తారు. ఇది కూడా మీరే చేసుకోగలరా అని మీ ప్రశ్న.

చేసుకోగలరు. ఇరవై ఏళ్లుగా ఇలాంటి బండ్ల కింద పడుకుని పనిచేస్తున్న అనుభవంతో చెప్తున్నాను. అయితే ముందే ఒక మాట. క్లచ్ విప్పి కొత్తది బిగించడం గంట పని. మిగతా రెండు రోజులూ ఆ క్లచ్ దగ్గరికి వెళ్లడానికి, మళ్లీ వెనక్కి రావడానికే సరిపోతాయి. గేర్‌బాక్స్, దాని వెనక ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకి శక్తిని పంచే పెట్టె) రెండూ కలిస్తే చాలా బండ్లలో 100 కిలోలకి అటూ ఇటూ ఉంటుంది. ఆ బరువుని ఎలా దించుతారు, ఎలా ఎక్కిస్తారు అన్నది ముందు తేల్చుకోండి. సోమవారం పొద్దున బండి కావాలి అనే పరిస్థితిలో మాత్రం మొదలుపెట్టకండి. తప్పులన్నీ తొందరలోనే జరుగుతాయి.

నేను చెప్పేదంతా ఇంజన్ బండి పొడవునా, వెనకాల గేర్‌బాక్స్, ఆ వెనక ట్రాన్స్‌ఫర్ కేస్, ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ శక్తిని తీసుకెళ్లే రెండు ప్రొపెల్లర్ షాఫ్టులు ఉన్న ఛాసిస్ బండి గురించి. ఇంజన్ అడ్డంగా కూర్చున్న బండి అయితే పని వేరే రకం, దీన్ని చూసి దిగకండి.

గేర్‌బాక్స్ దించేముందు తప్పు నిజంగా క్లచ్‌దేనా అని చూసుకోండి. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో, తక్కువ ఆర్‌పీఎమ్ దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎమ్ ముల్లు గబుక్కున పైకి లేచి బండి వేగం అక్కడే ఉండిపోతే స్లిప్ అవుతున్నట్టే. కాలిన వాసన వచ్చేదాకా ఈ పరీక్ష చేయకండి, ఒక్కసారి చాలు. తర్వాత పెడల్ ఫ్రీ ప్లే చూడండి. పెడల్‌కి పైన కొంచెం కూడా వదులు లేకపోతే రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే క్లచ్‌ని వదిలించే బేరింగ్) ఎప్పుడూ ప్రెషర్ ప్లేటుని (క్లచ్ ప్లేటుని ఇంజన్ వైపు అదిమిపట్టే స్ప్రింగు కవరుని) నొక్కుతూనే ఉంటుంది. మంచి క్లచ్ కూడా స్లిప్ అవుతుంది. కేబుల్ ఉన్న బండ్లలో, పుష్ రాడ్ అడ్జస్ట్‌మెంట్ ఉన్న బండ్లలో పది నిమిషాల్లో సరిపోయే విషయం ఇది. దీని కోసం గేర్‌బాక్స్ దించినవాళ్లను చూశాను.

గేరు పడకపోవడం, రివర్స్ వేస్తే కరకరమనడం మీ బండిలో ఉంటే అది స్లిప్‌కి పూర్తిగా ఉల్టా సమస్య, అంటే క్లచ్ వదలడం లేదు. అక్కడ ముందు అనుమానించాల్సింది మాస్టర్ సిలిండర్ (పెడల్ దగ్గర ఫ్లూయిడ్‌ని నెట్టేది), స్లేవ్ సిలిండర్ (ఆ ఒత్తిడితో క్లచ్‌ని వదిలించేది), ఆ రెండింటి మధ్య లైనులో గాలి. శబ్దాలు కూడా చాలా చెప్తాయి. పెడల్ తొక్కగానే కీచుమని వస్తే రిలీజ్ బేరింగ్. పెడల్ వదిలినప్పుడు వచ్చి, తొక్కితే ఆగిపోతే చాలాసార్లు గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి గేర్‌బాక్స్‌లోకి వెళ్లే కడ్డీ) బేరింగ్. అలాంటప్పుడు ఎలాగూ గేర్‌బాక్స్ కిందికి వస్తోంది కాబట్టి ఆ బేరింగ్ సంగతి కూడా అప్పుడే చూడాలి.

బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పే, గేర్‌బాక్స్ ముందుండే గంట ఆకారపు తొడుగు) అడుగున ఉండే చిన్న రంధ్రం దగ్గర వేలు పెట్టి చూడండి. ఆయిల్ తగిలితే క్లచ్ ప్లేటు అరగలేదేమో, తడిసిందేమో. ఇంజన్ ఆయిల్ అయితే క్రాంక్ (ఇంజన్ ప్రధాన షాఫ్ట్) వెనక సీల్ నుంచి, చిక్కటి గేర్ ఆయిల్ వాసన వస్తే గేర్‌బాక్స్ ముందు సీల్ నుంచి వస్తుంది. ఆ లీకు ఆపకుండా కొత్త ప్లేటు వేస్తే అదీ తడుస్తుంది.

ఇక సామాన్లు. ప్లేటు ఒక్కటే కొని పని ముగించాలని చూడకండి. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్ (ఇన్‌పుట్ షాఫ్ట్ ముందు కొసని పట్టే చిన్న బేరింగ్), క్రాంక్ వెనక సీల్, ఇవన్నీ తెచ్చి పెట్టుకున్నాకే మొదటి బోల్టు విప్పండి. మీ బండికి స్లేవ్ సిలిండర్ బెల్ హౌసింగ్ లోపల, ఇన్‌పుట్ షాఫ్ట్ చుట్టూ ఉండే రకం అయితే అదీ కొత్తదే వేయాలి. అది లీకైతే మళ్లీ ఈ ప్రయాణమంతా చేయాలి. పైలట్ బేరింగ్ విషయంలో నేను ఒకసారి పొరపాటు చేశాను. వేలితో తిప్పితే మెత్తగానే తిరిగింది, బాగానే ఉంది కదా అని వదిలేశాను. నాలుగు నెలలకి పెడల్ తొక్కి నిలబడితే చాలు, లోపల పిచ్చుక అరిచినట్టు అరుపు. చిన్న బేరింగ్ కోసం గేర్‌బాక్స్ రెండోసారి దించాను. అప్పట్నుంచి పాతది ఎంత బాగున్నా మారుస్తాను.

పనిముట్లలో మీ దగ్గర లేనివి బహుశా ఇవి: గేర్‌బాక్స్ జాకీ, పొడవాటి ఎక్స్‌టెన్షన్లు, వాటి మధ్య మెలి తిరిగే యూనివర్సల్ సాకెట్, బోల్టు ఎంత బలంగా బిగిసిందో చూపే టార్క్ రెంచ్, క్లచ్ మధ్యకి తెచ్చే డమ్మీ షాఫ్ట్. జాకీ అద్దెకి తెచ్చుకోవచ్చు గానీ అది లేకుండా ఈ పని వద్దు. మామూలు ట్రాలీ జాకీ మీద గుండ్రటి గేర్‌బాక్స్ నిలవదు, ఒరుగుతుంది. ఒరిగే గేర్‌బాక్సుని చేత్తో ఆపబోవద్దు, పక్కకి తప్పుకోండి. ఈ మాట మీ స్నేహితులిద్దరికీ కూడా పని మొదలయ్యేముందే చెప్పండి.

బండిని ఎత్తడంలో ఫోర్ వీల్ డ్రైవ్‌కి ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. కొన్ని బండ్లలో, ఉదాహరణకి పాత తరం ల్యాండ్ రోవర్ డిఫెండర్‌లో, హ్యాండ్ బ్రేక్ చక్రాల దగ్గర ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక డ్రమ్ము మీద ఉంటుంది. వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పిన క్షణం నుంచి వెనక చక్రాలకి హ్యాండ్ బ్రేక్ అనేదే లేదు. ఏ బండికైనా రెండు షాఫ్టులూ విప్పాక గేరులో వేసి ఉంచడం వల్ల ప్రయోజనం సున్నా. అందుకని చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు, ఛాసిస్ కింద నాలుగు స్టాండ్లు పెట్టండి. స్టాండ్ల మీద నిలబెట్టాక బండిని గట్టిగా ఊపి చూసి అప్పుడు కిందికి దూరండి.

బ్యాటరీ నెగటివ్ తీసేశాక, క్యాబిన్ లోపల్నుంచి గేరు లివరు, ట్రాన్స్‌ఫర్ లివరు విప్పుకోండి. గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ రెండింటి ఆయిల్ వంపేయండి, కానీ డ్రెయిన్ ప్లగ్గుకన్నా ముందు ఫిల్లర్ ప్లగ్గు ఊడుతుందో లేదో చూడాలి. ఆయిల్ అంతా పోయాక ఫిల్లర్ బిగుసుకుపోయిందని తెలిస్తే బండి అక్కడే ఆగిపోతుంది. ప్రొపెల్లర్ షాఫ్టులు విప్పేముందు ఫ్లాంజీ (షాఫ్ట్ బిగించే గుండ్రటి పళ్లెం) మీదా షాఫ్ట్ మీదా కలిసేలా పెయింటుతో ఒక గీత గీయండి. తిరిగి అదే వరసలో పడకపోతే వైబ్రేషన్ వచ్చే అవకాశం ఉంది, దాని కారణం వెతకడానికి వారాలు పడుతుంది. విప్పిన షాఫ్ట్‌ని ఒక కొసతో వేలాడనివ్వకండి, తీగతో ఛాసిస్‌కి కట్టండి.

వైర్లు. ట్రాన్స్‌ఫర్ కేస్ మీద ఫోర్ వీల్ సూచిక స్విచ్, గేర్‌బాక్స్ మీద రివర్స్ లైట్ స్విచ్, స్పీడ్ సెన్సార్, కొన్నిటికి లోపలి గాలి పోయే బ్రీదర్ ట్యూబు కూడా ఉంటాయి. ప్రతి సాకెట్‌కీ టేపు చుట్టి నంబరు రాసి, విప్పేముందు ఫోన్‌తో ఫోటో తీయండి. పైన కనపడకుండా ఒక క్లిప్పు మిగిలిపోవడం ఖాయం. అందుకే గేర్‌బాక్స్ దించేటప్పుడు అంగుళం అంగుళం దించుతూ ఒకరు టార్చి వేసి పైభాగం చూస్తూనే ఉండాలి.

స్లేవ్ సిలిండర్ బయట ఉంటే గొట్టం విప్పకండి. సిలిండర్‌ని రెండు బోల్టులతో ఊడదీసి పక్కకి కట్టేస్తే తర్వాత ఎయిర్ తీసే పని తప్పుతుంది. ఒక్కటే షరతు, అది విప్పి ఉన్నంతసేపూ ఎవరూ పెడల్ తొక్కకూడదు, తొక్కితే పిస్టన్ బయటికి దూకుతుంది. నేను పెడల్ వెనక చెక్కముక్క ఇరికించి పెడతాను.

క్రాస్ మెంబర్ (గేర్‌బాక్స్‌ని మోసే ఛాసిస్ అడ్డ దూలం) తీయగానే ఇంజన్ వెనక్కి ఒరుగుతుంది. కాబట్టి ముందే ఇంజన్ కింద చెక్కదిమ్మ వేసి జాకీ పట్టండి. ఎంత ఒరగనివ్వాలో మీకు ముందు భాగం చెప్తుంది. రేడియేటర్ ఫ్యాన్ కవరుని తాకుతుందా, హీటర్ గొట్టాలు సాగుతున్నాయా అని చూస్తూ దించండి. కాస్త ఒరిగితేనే బెల్ హౌసింగ్ పై బోల్టులు అందుతాయి. వాటిని పైనుంచి బానెట్ ఎత్తి విప్పాలని తంటాలు పడకండి. కింద పడుకుని, గేర్‌బాక్స్ వీపు మీదుగా మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ పంపి, చివర మెలి సాకెట్‌తో పట్టుకుంటే వచ్చేస్తాయి. బోల్టుల పొడవులు ఒక్కోటి ఒక్కో రకం. అట్టముక్క మీద బెల్ హౌసింగ్ ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టుకోండి.

ట్రాన్స్‌ఫర్ కేస్‌ని విడిగా దించాలా, కలిపి దించాలా? విడిగా తీసే వీలున్న బండి అయితే మొదటిసారి చేసేవాళ్లు విడిగానే దించండి. గంట ఎక్కువ పడుతుంది గానీ జాకీ మీద బరువు తగ్గుతుంది, బ్యాలన్స్ కూడా సులువు. గేర్‌బాక్స్‌ని పూర్తిగా దించకుండా ఒక జానెడు వెనక్కి జరిపి ఆ సందులోంచే క్లచ్ మార్చేవాళ్లున్నారు. చేయి తిరిగినవాళ్లకి అది సరే, మీకు వద్దు. ఆ సందులో పైలట్ బేరింగ్ సరిగా కనపడదు, టార్క్ రెంచ్ తిరగదు, సీల్ మార్చడం నరకం.

పాత క్లచ్ కనపడగానే దుమ్ము ఊదకండి, కంప్రెసర్ గాలి అసలే కొట్టకండి. పాతకాలపు లైనింగ్‌లలో (ప్లేటు మీద అరిగే పొరల్లో) ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండేది, బండిలో ఇప్పుడున్నది ఎప్పటి ప్లేటో మీకు తెలియదు. మాస్కు పెట్టుకుని, బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడవండి. ప్రెషర్ ప్లేటు బోల్టులు ఒకటి పూర్తిగా విప్పి ఇంకోదానికి పోకుండా, ఎదురెదురుగా అర చుట్టు చొప్పున వదులు చేస్తూ రండి. లోపల బలమైన స్ప్రింగు ఉంది, ఒక పక్క బరువు పడితే కవరు వంగుతుంది.

పాత ప్లేటుని పారేయకుండా కాసేపు వెలుతురులో పట్టుకుని చూడండి. రివెట్ల తలలు లైనింగ్‌తో సమానంగా వచ్చేశాయా? చాలా మాన్యువళ్లలో రివెట్ తల లైనింగ్ కంటే కనీసం 0.3 మిల్లీమీటర్ల లోతుగా ఉండాలని ఉంటుంది. రెండు వైపులా సమానంగా అరిగి, పొడిగా ఉంటే అది వయసు వల్ల. నల్లగా మెరుస్తూ అంటుకున్నట్టుంటే ఆయిల్. మధ్యలో స్ప్రింగులు వదులై గలగలమంటుంటే మొరటు వాడకం. ట్రైలర్ లాగడం, పెద్ద టైర్లు, బురదలో హాఫ్ క్లచ్ మీద గింజుకోవడం.

ఫ్లైవీల్ (క్లచ్ ప్లేటు ఆనుకునే, ఇంజన్ వెనక బరువైన చక్రం) దగ్గర సమయం తీసుకోండి, ఎందుకంటే తీర్పు చెప్పాల్సింది ఇక్కడే. ముఖం మీద నీలం మచ్చలు ఉంటే బాగా వేడెక్కింది. గోరు అడ్డంగా లాగితే తగిలే గాడులు, వెంట్రుకల్లాంటి పగుళ్లు ఉంటే అలాగే వదిలేయకూడదు. కొత్త ప్లేటు ఆ ఎత్తుపల్లాల మీద సరిగ్గా కూర్చోదు, బండి కదిలేటప్పుడు వణుకుతుంది. ఒకే ముక్క ఫ్లైవీల్ అయితే లేతు పనివాళ్ల దగ్గర ఫేసింగ్ (ముఖం చదును చేయడం) చేయించండి. మెట్టు ఉన్న రకమైతే ముఖం ఎంత తీస్తే మెట్టు కూడా అంతే తీయాలని చెప్పండి, లేకపోతే ప్రెషర్ ప్లేటు పట్టు మారిపోతుంది. పగుళ్లు లోతుగా ఉంటే కొత్తది. రెండు ముక్కల డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ అయితే దాన్ని మామూలుగా ఫేసింగ్ చేయరు. చేత్తో తిప్పి, ఊపి చూసి, వదులు మాన్యువల్ చెప్పినదానికి మించితే మార్చడమే. ఫ్లైవీల్ ఊడదీసినప్పుడు దాని బోల్టులు ఒకసారి బిగించి పారేసే రకమేమో చూసుకోండి, చాలా బండ్లలో అంతే. క్రాంక్ సీల్ మార్చేది కూడా అప్పుడే.

బిగించేటప్పుడు చేతులు కడుక్కోండి. నిజంగానే చెప్తున్నాను, సబ్బుతో. కొత్త ప్లేటు లైనింగ్ మీద గ్రీజు వేలిముద్ర పడకూడదు. ఫ్లైవీల్ ముఖం, ప్రెషర్ ప్లేటు ముఖం బ్రేక్ క్లీనర్‌తో తుడవండి, కొత్త ప్రెషర్ ప్లేటుకి తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది. ప్లేటుని ముందు గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ మీదికి ఎక్కించి చూడండి. స్ప్లైన్లు (షాఫ్ట్ మీదా ప్లేటు మధ్యా ఒకదాంట్లో ఒకటి కూర్చునే గాడుల పళ్లు) సరిపోతున్నాయో లేదో బండి కింద కాదు, బల్ల మీద తెలియాలి. స్ప్లైన్ల మీద గ్రీజు పలుచగా పూసి, ప్లేటు ఒకసారి ముందుకీ వెనక్కీ జరిపి, బయటికొచ్చిన గ్రీజంతా తుడిచేయండి. ఎక్కువైతే అది విసురుకుని లైనింగ్ మీదే పడుతుంది.

ప్లేటుకి ముందూ వెనకా ఉంటాయి. ఫ్లైవీల్ వైపు అని సాధారణంగా రాసి ఉంటుంది. మధ్య ఉబ్బు ఎక్కువభాగం బండ్లలో గేర్‌బాక్స్ వైపు వస్తుంది. తిరగేసి బిగిస్తే హబ్ (ఆ మధ్య భాగం) ఫ్లైవీల్ బోల్టులకి తగిలి క్లచ్ వదలదు, అది బండి అంతా బిగించి స్టార్ట్ చేశాక గానీ తెలియదు. డమ్మీ షాఫ్ట్ పైలట్ బేరింగ్‌లో పూర్తిగా కూర్చున్నాక, ప్రెషర్ ప్లేటు బోల్టులు మళ్లీ ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించి, చివర్లో మాన్యువల్ చెప్పిన టార్క్‌కి తేండి. అప్పుడు డమ్మీ షాఫ్ట్ లాగితే పట్టకుండా జారుతూ రావాలి. పట్టేస్తే మళ్లీ వదులు చేసి సరిచేయండి.

ఇప్పుడు అందరి ఓపికా అయిపోయే చోటు. గేర్‌బాక్స్ ఎక్కుతుంది, ఎక్కుతుంది, వేలు పట్టేంత సందు మిగిలి ఆగిపోతుంది. సాయంత్రమైపోతుంది, ఒంటినిండా మట్టి, జాకీ పట్టుకున్నవాడికి చేతులు లాగేస్తుంటాయి. "బోల్టులు పెట్టి లాగేద్దాం, అదే కూర్చుంటుంది" అని ఎవరో ఒకరు అంటారు. నా రెండో క్లచ్‌కి ఆ మాట నేనే అన్నాను, లాగేశాను కూడా. మూసుకుంది. మర్నాడు స్టార్ట్ చేస్తే ఫస్ట్ గేరు కొరుకుతూ పడింది, పెడల్ నేలకి ఆనించినా బండి ముందుకి పాకుతూనే ఉంది. దించి చూస్తే ప్లేటు హబ్ దగ్గర వంగిపోయి ఉంది. కొత్త ప్లేటు ఒక్క కిలోమీటరు తిరగకుండానే చెత్తలోకి పోయింది.

ఆగిపోతే కారణం రెండింట్లో ఒకటి. మొదటిది, స్ప్లైన్ పళ్లు ఎదురెదురుగా నిలిచిపోవడం. గేర్‌బాక్స్‌ని నాలుగో గేరులో వేసి, వెనక ఫ్లాంజీ చేత్తో మెల్లగా తిప్పుతూ ముందుకి తోయండి. ఇక్కడ ఫోర్ వీల్ బండి వాళ్లు మరిచిపోయేది ఒకటుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో ఉంటే మీరు ఫ్లాంజీ ఎంత తిప్పినా ఇన్‌పుట్ షాఫ్ట్ కదలదు. దాన్ని హై రేంజ్‌లో (మామూలు రోడ్డు మీద నడిపే స్థానంలో) పెట్టండి. విడిగా దించి ఉంటే గేర్‌బాక్స్ వెనక షాఫ్ట్‌నే తిప్పొచ్చు. రెండోది, కోణం. ఇంజన్ ముఖం, బెల్ హౌసింగ్ ముఖం సమాంతరంగా లేవు. సందులో చుట్టూ నాలుగు చోట్ల వేలు పెట్టి చూడండి, పైన వెడల్పుగా కింద ఇరుకుగా ఉంటే గేర్‌బాక్స్ తోక ఎత్తాలి, కింద వెడల్పుగా ఉంటే దించాలి. నాలుగు వైపులా సందు ఒకేలా వచ్చాక చిన్న ఊపుకే టప్పుమని కూర్చుంటుంది. బోల్టులు ఆ తర్వాతే.

దీన్ని సులువు చేసే ఒక ఉపాయం ఉంది. బెల్ హౌసింగ్ బోల్టులకి సరిపోయే మర ఉన్న పొడవాటి బోల్టులు రెండు తెచ్చి, తలలు కోసేసి, ఇంజన్ రంధ్రాల్లో రెండు పక్కలా బిగించండి. గేర్‌బాక్స్ వాటి మీద పట్టాల మీద జారినట్టు జారుతుంది, బరువు కూడా ప్లేటు హబ్ మీద పడదు. తిరిగి విప్పడానికి వీలుగా కోసిన చివర రంపంతో ఒక గాడి పెట్టుకోండి. ఎక్కించేటప్పుడు ఏ కారణంగానైనా ఆగాల్సివస్తే, సగం దూరిన గేర్‌బాక్స్‌ని అలా వదిలి టీకి వెళ్లకండి. ఆ బరువంతా ఇన్‌పుట్ షాఫ్ట్ మీద వేలాడుతుంది. లోపలికైనా కూర్చోబెట్టండి, బయటికైనా లాగేయండి.

మిగతాదంతా విప్పిన వరస తలకిందులుగా. ప్రొపెల్లర్ షాఫ్టుల గీతలు కలపండి, స్టార్టర్ వైరు వెనక ఏ పైపూ నలగలేదని చూసుకోండి. రెండు బాక్సుల్లోనూ మాన్యువల్ చెప్పిన గ్రేడు ఆయిలే పోయండి. హైడ్రాలిక్ లైను విప్పి ఉంటే ఎయిర్ తీయాలి, రిజర్వాయర్ మూత మీద రాసి ఉన్న ఫ్లూయిడే వాడాలి.

స్టాండ్లు తీయకముందే ఇంజన్ ఆపి ఉంచి పెడల్ ఇరవైసార్లు తొక్కండి, గేర్లన్నీ వేసి చూడండి. తర్వాత స్టార్ట్ చేసి రివర్స్ వేయండి, కరకరమనకుండా పడాలి. బండి కిందికి దించాక లో రేంజ్ (బండి మెల్లగా, ఎక్కువ బలంతో నడిచే స్థానం), ఫోర్ వీల్ కూడా మెత్తటి నేల మీద కలిపి చూడండి, లివరు లింకేజీ తప్పుగా కూర్చుంటే అప్పుడే బయటపడుతుంది.

మొదటి 500 నుంచి 800 కిలోమీటర్ల వరకు ట్రైలర్ లాగకండి, నిండు బరువుతో ఘాట్ ఎక్కకండి, మామూలుగా గేర్లు మారుస్తూ తిరగండి. మొదట్లో కొత్త లైనింగ్ వాసన కొంచెం రావచ్చు, పోతుంది. 100 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి కిందికి దూరి షాఫ్ట్ బోల్టులు, క్రాస్ మెంబర్ బోల్టులు మళ్లీ టార్క్ రెంచ్‌తో చూడండి.

మీరు రాసినదాంట్లో ఇంకొకటి నా కంటపడింది, ఏటిగట్టు రాళ్ల మీద బండిని "హై రేంజ్‌లోనే మెల్లగా క్లచ్ మీద ఎక్కిస్తాను" అన్నారు. మీ క్లచ్‌ని తిన్నది అదేనని నా నమ్మకం. లో రేంజ్ వేస్తే చాలా బండ్లలో గేరింగ్ సుమారు రెండు నుంచి రెండున్నర రెట్లు తగ్గుతుంది, బండి నడక వేగం కన్నా మెల్లగా పాకుతుంది, పెడల్ మీద కాలు పెట్టే పనే ఉండదు. రాళ్లకి పది మీటర్ల ముందే బండి ఆపి, లివరు మార్చి, పెడల్ పూర్తిగా వదిలేసి ఎక్కండి.